రోహిణి కార్తెలో స్లాబు

రోహిణి ఎండలకు రోళ్ళు పగులునని మన పెద్దలు చెప్పుదురు. కొండరాతిని తొలిచి చేసిన రోలే పగులునన్నచో, ఉదయము కలిపి ఉదయమే పోసిన కాంక్రీటు మాట యేమి? ఎండ దానిని గట్టిపరచునా, చెరచునా? ఇది కాలక్షేపమునకై అడుగు ప్రశ్న కాదు. మామిడి తోటల సీమలో ఇల్లు కట్టుకొను ప్రతి కుటుంబమునకు ఎదురగు ప్రశ్న.

చాట్రాయి సంగతి చూడుడు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనమున కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు చేరిన ఈ మండలము, నూజివీడు మామిడికి పేరుపొందిన మెట్టసీమలోనిది. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, కలెక్టరు కాయలు ఏప్రిల్ మొదలు జూను వరకు చెట్లు దిగి బజారునకు పోవును. రైతు చేతికి గాని, కోతకూలి చేతికి గాని నాలుగు రూకలు వచ్చునది అప్పుడే. ఆ సొమ్ముతోనే లేచిన గోడలపై స్లాబు పడవలెను. ఆషాఢము వచ్చినచో ముహూర్తములుండవు. తొలకరి పడినచో పనివారు పొలములకు పోవుదురు. అందుచేత ఏడాదిలో ఎండలు మిక్కిలి తీవ్రముగా ఉండు దినములలోనే ఇంటి కప్పు పడుచున్నది. గృహస్థునకు అన్నిటికంటె అనువైన ఋతువును, కాంక్రీటునకు అన్నిటికంటె గడ్డు ఋతువును ఒక్కటే అగుచున్నవి. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

మొదట తొలగించుకొనవలసిన భ్రమ ఒకటి కలదు. పచ్చి ఇటుక ఎండలో ఆరి గట్టిపడును. మట్టిగోడ ఆరి గట్టిపడును. వడియము ఆరి గట్టిపడును. ఇవన్నియు తరతరములుగా మన కన్నుల యెదుట జరుగుచున్నవి గనుక, కాంక్రీటు కూడ అట్లే ఆరి గట్టిపడునని అనుకొందుము. “ఎండ బాగుగా కాయుచున్నది, స్లాబు తొందరగా ఆరును” అని సంతోషించు గృహస్థులు ఎందరో కలరు. వాస్తవము దీనికి పూర్తిగా విరుద్ధము. కాంక్రీటు ఆరుటచే గట్టిపడదు. తడిగా ఉండుటచే గట్టిపడును. వంతెనల పునాదులు నదీగర్భమున నీటి అడుగుననే గట్టిపడుచున్నవి గదా!

కారణము సిమెంటు స్వభావములో ఉన్నది. సున్నపురాతిని, బంకమట్టిని పొడిచేసి కలిపి, సుమారు 1,450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చి, వచ్చిన గడ్డలను కొంచెము జిప్సముతో మరల మెత్తగా విసరినచో సిమెంటు అగును. జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను ఇంగ్లీషు తాపీమేస్త్రీ 1824లో పోర్ట్‌లండు సిమెంటు అను పేరుతో పేటెంటు పొందెను. నేటి సిమెంటు దాని సంతతియే. మనకు సమీపమున జగ్గయ్యపేట ప్రాంతపు సున్నపురాయి ఈ విధముగానే సిమెంటు అగుచున్నది. ఇట్లు కాలిన పొడికి నీటి దాహము మెండు. నీరు తగిలిన వెంటనే రసాయన సంయోగము మొదలై, ప్రతి రేణువు చుట్టును కంటికి కనబడని ఒక జిగురు పుట్టును. ఆ జిగురే ఇసుకను, కంకరను, ఇనుప ఊచలను ఒక్కటిగా పట్టి ఉంచును.

ఈ పని ఒక్క దినములో ముగియదు. మొదటి వారమున వేగముగను, పిదప నెమ్మదిగను, నెలల తరబడి సాగుచుండును. అందుచేతనే ఇంజనీర్లు కాంక్రీటు బలమును 28 దినములకు కొలుతురు. 15 సెంటీమీటర్ల ఘనములుగా పోసి, అన్ని దినములును నీటిలో ఉంచి, పిదప యంత్రములో నలుగగొట్టి చూతురు. ఇండ్ల స్లాబులకు వాడు ఎం-20 అను రకము కాంక్రీటు చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోల ఒత్తిడిని ఓర్వవలెనని నియమము.

సంయోగమునకు నీరు ఆహారము. కాంక్రీటు లోపలి తేమ 80 శాతము కంటె తగ్గినచో సంయోగము దాదాపు ఆగిపోవును. ఆగిపోయినదని స్లాబు మనకు చెప్పదు. పైకి రాయివలెనే కనబడును, తట్టిన రాయివలెనే మ్రోగును. కాని లోపల సగము సిమెంటు పని చేయకయే నిలిచిపోవును. నిరంతరము తడిగా ఉంచిన కాంక్రీటుతో పోల్చిచూచినచో, పోసిన నాటి నుండి ఒక్కసారియైనను తడుపక గాలికి వదలిన కాంక్రీటు ఆరు నెలలకు సుమారు సగము బలమును మాత్రమే పొందునని ప్రయోగశాలలలో తేలినది. బస్తాకు పూర్తి ధర చెల్లించి సగము సిమెంటును వాడుకొనుట యన్నమాట.

ఇది నీటి సంగతి. ఇక వేడిమి సంగతి. వేడిమి రసాయన సంయోగమును తొందరపరచును. తొందరపడినచో మంచిదే గదా యని తోచవచ్చును. దీనికి సమాధానము మామిడి సీమవారికి మరియొకరు చెప్పనక్కరలేదు. పక్వానికి వచ్చిన కాయను వరిగడ్డిలో మాగవేసినచో అయిదారు దినములు పట్టును గాని, లోపలి టెంక వరకు తీపి ఎక్కును. అదే కాయను కార్బైడుతో మగ్గించినచో ఒకటి రెండు దినములలోనే పై తొక్క పసుపుపచ్చనగును. కోసి చూచినచో లోపల పులుపు. ఆహారనియమములు కార్బైడును నిషేధించుటకు ఆరోగ్యమే కారణము గాని, రుచి తెలిసిన రైతు అంతకుముందే దానిని మెచ్చలేదు.

వేడిలో గట్టిపడిన కాంక్రీటుది అదే కథ. సంయోగము తొందరగా జరిగినపుడు సిమెంటు రేణువు చుట్టును జిగురు దట్టమైన పెంకువలె పేరుకొనును. నీరు ఆ పెంకును దాటి రేణువు గర్భములోనికి పోజాలదు. మరియొక ప్రక్క, రేణువులకు దూరముగా ఉన్న సందులకు జిగురు చేరక అవి ఖాళీగానే మిగులును. నెమ్మదిగా గట్టిపడిన కాంక్రీటులో ఈ జిగురు అంతటను సమముగా పరచుకొనును. పాల్ క్లీగర్ అను అమెరికా దేశపు పరిశోధకుడు 1958లో ప్రకటించిన ఫలితములు ఈ విషయమున ప్రసిద్ధములు. వేడి వాతావరణమున పోసి ఉంచిన కాంక్రీటు మొదటి దినములలో చల్లని కాంక్రీటును మించిపోవును. నెల గడచునప్పటికి చల్లనిది దానిని దాటిపోవును. ఆ పిమ్మట వేడిలో పుట్టినది ఎన్నటికిని చల్లనిదానిని అందుకొనదు. తడిగా ఉంచినను ఈ లోటు కొంత నిలుచును. కాబట్టి మూడవనాడు స్లాబు గట్టిగా ఉన్నదని మురియుట మూడవనాటి మామిడి రంగును చూచి మురియుట వంటిది.

అయినను, నిజము చెప్పవలెనన్నచో, ఎండ తానుగా చేయు హానికంటె ఎండకు జడిసి మనము చేయు హాని ఎక్కువ. మిట్టమధ్యాహ్నము మిక్సరునుండి దిగిన కాంక్రీటు తట్టలలో పైకి చేరునప్పటికే బిగియుటకు మొదలిడును. పార కదలదు. చదును చేయువాడు కేక వేయును. ఎవరో ఒక బకెట్టు నీరు పోయుదురు. పని సులువగును. ఆ బకెట్టుతోనే బలము కొట్టుకొనిపోవును.

ఈ మాటకు లెక్క కలదు. 50 కిలోల సిమెంటు బస్తాకు ఎం-20 కాంక్రీటులో పోయదగిన నీరు హెచ్చుపక్షము 30 లీటర్లని భారత ప్రమాణము. ఇసుకలో అదివరకే ఉన్న తడి కూడ ఈ లెక్కలోనిదే. సిమెంటుతో రసాయనముగా కలియునది ఇందులో సుమారు 12 లీటర్లు. మిగిలినది పనికి సులువునిచ్చి, తరువాత ఆవిరియై, తానున్న చోట సూక్ష్మమైన రంధ్రములను విడిచిపోవును. నీరెంత ఎక్కువయైన రంధ్రములంత ఎక్కువ. రంధ్రములు హెచ్చిన కొలది బలము తగ్గును. ఈ సంబంధమును 1918లో డఫ్ ఏబ్రమ్స్ అను అమెరికా ఇంజనీరు సూత్రముగా చెప్పెను. 30 లీటర్ల చోట 35 లీటర్లు పోసినచో బలములో అయిదవ వంతు మొదలు నాలుగవ వంతు వరకు పోగొట్టుకొన్నట్లే. ఎండ పేరు చెప్పి పోసిన అయిదు లీటర్ల నీటికి ఇది వెల.

ఇంకొక హాని పోసిన కొద్ది గంటలలోనే కనబడును. వడగాలి వీచుచుండగా స్లాబు పైభాగమునుండి నీరు లోపలినుండి ఊరుదానికంటె వేగముగా ఆవిరియగును. పైపొర ముడుచుకొనును, లోపలిపొర ముడుచుకొనదు. అప్పుడు చెరువు ఎండిన తరువాత బురద విచ్చినట్లు సన్నని చీలికలు పడును. గంటకు చదరపు మీటరునుండి ఒక కిలో నీరు ఆవిరియగుచున్నదన్నచో ఈ ప్రమాదము దగ్గరపడినట్లు భావింతురు. వేయి చదరపు అడుగుల స్లాబు సుమారు 93 చదరపు మీటర్లు. అనగా గంటకు 93 లీటర్లు, సుమారు ఏడు బిందెల నీరు, మన కన్నుల యెదుటనే గాలిలో కలిసిపోవుచున్నదన్నమాట. సాయంకాలమునకు కనబడు ఆ చీలికలను మేస్త్రీ సిమెంటు పాలతో పూసి మూయును. కాని చీలిక ఊచవరకు పోయి ఉన్నచో, ఆ పూత పది వానలకు ఆగదు. నీరు లోనికి దిగును, ఊచ త్రుప్పు పట్టును, త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును తోసివేయును. పది పదునైదేండ్లు గడచిన పిమ్మట గది కప్పునుండి పెచ్చులూడిపడుట చూచి “పాత ఇల్లు” అందురు. ఆ రోగము ఇల్లు పుట్టిన దినముననే పుట్టినదని ఎవరును తలపరు.

ఇట్లని వేసవిలో స్లాబే పోయరాదని చెప్పుట సులభము. సొమ్ము వచ్చునది వేసవిలోనే గనుక ఆ సలహా చాట్రాయి గృహస్థునకు ఉపయోగింపదు. వేసవిలోనే పోయుచు ఎండదెబ్బను తప్పించుటెట్లన్నదే ప్రశ్న. భారతీయ ప్రమాణముల సంస్థ 1975లో వేసవి కాంక్రీటు పనికై ప్రత్యేకముగా ఒక నియమావళిని వెలువరించెను. గాలి వేడిమి 40 డిగ్రీలు దాటినపుడు చేయు పనిని అది వేడి వాతావరణపు పనిగా ఎంచును. పోయునపుడు కాంక్రీటు వేడిమి సైతము 40 డిగ్రీలకు లోబడి ఉండవలెననును. నూజివీడు ప్రాంతమున మేనెలలో గాలియే ఆ గీటు దాటు దినములు పెక్కు. మరి ఎండలో రాసిపోసిన కంకర చేయి పెట్టనీయదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క మనకు దారి చూపును. బస్తా సిమెంటు 50 కిలోలు, ఇసుక కంకరలు కలిసి 250 కిలోలు, నీరు 30 లీటర్లు అనుకొందము. సిమెంటును, కంకరయు, ఇసుకయు 45 డిగ్రీలతోను, తొట్టెలోని నీరు 40 డిగ్రీలతోను ఉన్నచో, కలిపిన కాంక్రీటు సుమారు 43 డిగ్రీలుండును. ఇది నియమమును దాటినది. నీటిని మాత్రము 20 డిగ్రీలకు చల్లబరచినచో కాంక్రీటు 37 డిగ్రీలకు దిగును. బరువులో పదవ వంతైనను లేని నీరు ఇంతపని చేయుటకు కారణము, వేడిని ఇముడ్చుకొను శక్తి నీటికి రాతికంటె నాలుగైదు రెట్లు ఎక్కువగా ఉండుటయే. 30 లీటర్లలో 10 కిలోలు మంచుగడ్డ నలుగగొట్టి వేసినచో, మిగిలిన 20 లీటర్లు వేడినీరేయైనను, కాంక్రీటు 31 డిగ్రీలకు దిగును. కరగుటకై మంచు మిక్కిలిగా వేడిని తీసికొనుట దీనికి కారణము. పెద్ద ఆనకట్టల పనులలో మంచు వాడుట ఇందుకే. అమెరికాలో 1931 మొదలు 1936 వరకు కట్టిన హూవర్ ఆనకట్టలో కాంక్రీటు గర్భముననే వందల మైళ్ళ గొట్టములు పరచి, చన్నీరు ప్రవహింపజేసిరి. అచ్చట పోరాడినది ఎండతో కాదు, సిమెంటు నీటితో కలియునపుడు తనలో తాను పుట్టించు వేడితో. అంత మందమున ఆ వేడి తనంతట బయటకు పోవుటకు ఏండ్లు పట్టును. మన స్లాబు మందము అయిదారు అంగుళములే గనుక మనకు ఆ బాధ లేదు.

మంచు దొరకని చోట నీడ దొరకును. కంకర రాశిని ముందునాటి సాయంకాలమునుండి తాటాకు పందిరి క్రిందనో, మామిడిచెట్టు నీడనో ఉంచి, నీరు చిలికినచో, ఆవిరి పోవుచు అది చల్లబడును. కంకరయు ఇసుకయు 35 డిగ్రీలకు, నీరు 25 డిగ్రీలకు దిగినచో, సిమెంటు 45 డిగ్రీలలోనే ఉన్నను, కాంక్రీటు 33 డిగ్రీలకు వచ్చును. కుండలో నీరు చల్లబడు ధర్మమే ఇదియును. చిలికిన నీటిని పైన చెప్పిన 30 లీటర్లలోనుండి తగ్గించుట మాత్రము మరువరాదు. నీటి డ్రమ్ములకు తడి గోనె చుట్టుట, మిక్సరును నీడన నిలుపుట, పోయుటకు ముందు సెంట్రింగు పలకలను, ఊచలను నీటితో తడిపి నిలిచిన నీటిని తుడిచివేయుట, ఇవి ఖర్చులేని జాగ్రత్తలు.

అన్నిటికంటె గొప్ప జాగ్రత్త వేళ. తెల్లవారు జామున మొదలిడి ఎండ ముదరకముందే ముగించుట ఒక పద్ధతి. సాయంకాలము మొదలిడి దీపముల వెలుగున ముగించుట మరియొక పద్ధతి. రెండవది మేలు. ఏలనన, సిమెంటు తన వేడిని పుట్టించు గంటలు అప్పుడు రాత్రి చల్లదనములో గడచును. స్లాబునకు మేలైన వేళ తట్టలు మోయు కూలీలకును మేలైనదే. వారికి వడదెబ్బ తగులనిచో స్లాబునకును తగులదు.

ఇక పోసిన తరువాతి సంగతి. దీనిని మేస్త్రీలు క్యూరింగు అందురు, మనము తడుపుట అందుము. సామాన్య సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసము 7 దినములు, పొడి వేడి వాతావరణమున 10 దినములు ఎడతెగక తడిగా ఉంచవలెనని 2000 సంవత్సరపు భారత ప్రమాణము. బూడిద కలిసిన సిమెంటైనచో 14 దినములు మంచిదని అది సూచించును. ఇబ్రహీంపట్టణమున 1979లో పనిచేయ మొదలిడిన థర్మల్ విద్యుత్కేంద్రము వంటి కేంద్రములలో బొగ్గు కాలగా వచ్చు సన్నని బూడిద ఈ సిమెంటులో కలియును. బస్తాపై పి.పి.సి. అని అచ్చు వేసి ఉన్నచో అది బూడిద సిమెంటు. దీనిని చూచి భయపడనక్కరలేదు. అది పుట్టించు వేడి తక్కువ గనుక వేసవికి అనువైనది. కాని నిదానముగా బలము పుంజుకొనునది గనుక తడి ఎక్కువ దినములు కావలెను. అదే గడ్డిలో మాగిన కాయ.

అయితే పది పదునాలుగు దినములు తడుపుటకు నీరేది? మెట్టసీమలో మేనెల వచ్చునప్పటికి బోరు ఒకటి రెండు గంటలకంటె పోయదు. ఆ నీటికి ఇల్లు, పశువులు, లేత మామిడి మొక్కలు కాచుకొని ఉండును. స్లాబుపై మట్టితో మడులు కట్టి నీరు నిలుపుట మన పద్ధతి. అది ఉత్తమమైన పద్ధతియే. కాని మడిలోనుండి దినమునకు ఒక సెంటీమీటరు నీరు ఆవిరియైనను, వేయి చదరపు అడుగుల స్లాబుపై సుమారు 930 లీటర్లు పోయినట్లే. ఆ నీటిని మోయువారు బహుశః ఇంటి ఆడవారే. కాబట్టి మూడవనాడో నాలుగవనాడో మడులు ఎండిపోవుట వింత కాదు. అది సోమరితనము కాదు, నీటి కరవు.

ఇట్టివారు చేయదగినది ఒకటి కలదు. నీటిని నిలుపుటకు బదులు తడిని కప్పిపెట్టవలెను. పైభాగము వ్రేలు నొక్కినను గుర్తుపడనంత గట్టిపడగానే తడిపిన గోనెపట్టాలనో, ఒక జానెడు మందమున వరిగడ్డినో పరచి, పైన పాలిథీను పట్టా కప్పి, అంచులకు బరువులు పెట్టవలెను. పట్టా తెల్లనిదైనచో ఎండను త్రిప్పికొట్టును. అప్పుడు ఆవిరియైన నీరు పట్టా అడుగున చేరి మరల క్రిందికే దిగును. ఉదయము, సాయంకాలము పట్టా ఎత్తి చూచి, గడ్డి తడి తగ్గిన చోట నీరు చిలికినచో చాలును. మడులకు కావలసిన నీటిలో కొద్ది భాగముతోనే పని జరుగును. కాని ఒకపూట తడిపి రెండుపూటలు ఎండగట్టుట చెరుపు. తడిసి ఉబ్బుచు, ఎండి ముడుచుకొనుచు లేత కాంక్రీటు చీలును. మాడుచున్న స్లాబుపై మిట్టమధ్యాహ్నము ఒక్కమారుగా చన్నీరు కుమ్మరించుటయు కూడదు.

సెంట్రింగు ఊడదీయుటకును తొందరపడరాదు. వేసవిలో స్లాబు త్వరగా గట్టిపడును గనుక ముందుగా తీయవచ్చునని కొందరందురు. సామాన్య సిమెంటుతో, గోడకును గోడకును నడుమ నాలుగున్నర మీటర్ల వరకు గల స్లాబునకు పోట్లు 7 దినములు, అంతకు మించినచో 14 దినములు ఉండవలెనని నియమము. బూడిద సిమెంటునకు ఇంకను ఎక్కువ దినములు కావలసి రావచ్చును. అది ఇంజనీరు నడిగి నిర్ణయించుకొనవలెను. సెంట్రింగు అద్దె దినమునకు ఇంతయని పెరుగుచుండును, నిజమే. కాని ఆ అద్దె మిగుల్చుకొనుటకు పెట్టిన పందెము ఇంటిలో నిద్రించువారి తలలమీది కప్పు.

ఇట్లు పెంచిన స్లాబు పెద్దదైన పిమ్మట ఎండకు దాని బలము తగ్గునా? తగ్గదు. గట్టిపడిన కాంక్రీటునకు మన ఎండ లెక్కలోనిది కాదు. ఎండ దానిని బలహీనపరచదు గాని కదలించును. పది మీటర్ల పొడవు గల స్లాబు 30 డిగ్రీలు వేడెక్కినచో సుమారు మూడు మిల్లీమీటర్లు సాగును, రాత్రి చల్లబడి మరల ముడుచుకొనును. ప్రతిదినము జరుగు ఈ కదలికచేతనే స్లాబును గోడయు కలియు చోట అడ్డముగా సన్నని చీలిక కనబడును. వేసవి ముందు డాబాపై తెల్లని సున్నము పూయించినచో ఇల్లు చల్లబడును, ఈ కదలికయు తగ్గును.

పెద్దదైన కాంక్రీటునకు శత్రువు ఎండ కాదు, అగ్ని. 2023 జనవరి 19న సికింద్రాబాదులోని రాంగోపాల్‌పేట ప్రాంతమున ఒక బహుళాంతస్తుల వాణిజ్య భవనమునకు నిప్పంటుకొని గంటల తరబడి మండినది. కాంక్రీటు మండలేదు, అది మండు వస్తువు కాదు. అయినను పిదప ఆ భవనమును నిలుపుటకు వీలులేక కూల్చివేసిరి. మండని వస్తువు ఎట్లు చెడినది? సుమారు 300 డిగ్రీల వరకు కాంక్రీటు తన బలమును చాలవరకు నిలుపుకొనును. ఆపైన సిమెంటు జిగురులో రసాయనముగా బంధింపబడిన నీరు వదలిపోవుటచే జిగురు ముడుచుకొనును. అదే సమయమున కంకర ఉబ్బును. ఒకటి ముడుచుకొనుచు, ఒకటి ఉబ్బుచు, రెంటికిని పొత్తు చెడును. 500, 600 డిగ్రీల మధ్య బలము సుమారు సగమగును. ఇనుప ఊచయు ఇంచుమించు ఆ వేడిలోనే సగము బలము కోల్పోవును. అందుచేతనే ఊచల క్రింద కనీసము 20 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర ఉండవలెనని నియమము. కవరు బిళ్ళలు పెట్టక ఊచలను పలకలపై ఆనించి పోసినచో, ఆ రక్షణ మొదటనే పోయినట్లు.

నిప్పు ఆరిన తరువాతను హాని ఆగదు. కాలినపుడు లోపల పుట్టిన సున్నము, పిదప గాలిలోని తేమ తగిలి ఉబ్బి, కొత్త చీలికలు పుట్టించును. కాబట్టి గడ్డివాము అంటుకొనియో, సరకుల గది తగులబడియో ఇంటి కాంక్రీటు గంటల తరబడి మంటలో ఉన్నచో, మసి తుడిచి వెల్లవేసి ఊరకుండరాదు. కాంక్రీటు గులాబిరంగునకు తిరిగిన చోటు కనబడినను, సుత్తితో తట్టగా డొల్లగా మ్రోగినను, స్లాబు క్రుంగినట్లు తోచినను, ఇంజనీరు చూచి చెప్పువరకు దాని క్రింద నివసింపరాదు. వంటింటి పొయ్యి సెగకు మాత్రము ఈ భయము లేదు.

చెప్పినదంతయు ఒకచోట చేర్చినచో ఇంతే. కాంక్రీటు జీవితమున మొదటి రెండు వారములు దాని శైశవము. పసిబిడ్డను ఎండలో వదలనట్లే దానిని ఎండలో వదలరాదు. నీడ, చల్లని వేళ, కొలిచిన నీరు, విడువని తడి, ఈ నాలుగును సమకూర్చినచో రోహిణిలో పోసిన స్లాబు కార్తికములో పోసినదానికి ఎంతో తీసిపోదు. ఈ నాలుగింటిలో బజారున కొనితేవలసినది ఒక పాలిథీను పట్టా మాత్రమే.

చాట్రాయి తోటలలో కాయలు మాగవేయుటకు ప్రతి వేసవిని వరిగడ్డి దింపుదురు. ఆ యేట ఇల్లు కట్టుచున్నవారు మరి రెండు మోపులు ఎక్కువ దింపించుకొనుట మంచిది. కాయల పని ముగిసిన గడ్డియైనను ఫరవాలేదు, స్లాబుపై పరచి తడిపినచో చాలును.